గెలాక్సీ వాచ్ 8కి ₹32,999 పెట్టొచ్చా? బీపీ, నడక, నిద్ర కోసం

నడక_సమయం:

అందరికీ నమస్కారం. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 8, 40 ఎంఎం, బ్లూటూత్ మోడల్ కొందామని చూస్తున్నాను. 2025 జులైలో వచ్చినప్పటి ధర ₹32,999. ఫోన్ కూడా శాంసంగే, ఎస్23. వయసు 46, బీపీకి రోజూ ఒక మాత్ర. పొద్దున ఐదు కిలోమీటర్ల నడక, వారానికి రెండు రోజులు పరుగు.

వాచీతో నాకు కావలసింది బీపీ మీద ఒక కన్ను వేసి ఉంచడం, దూరం సరిగ్గా తెలియడం, నిద్ర లెక్క. ఫోన్ జేబులో ఉండగా కాల్ ఎవరిదో కనబడితే చాలు, అందులో పాటలూ ఆటలూ అక్కర్లేదు. బీపీ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? పాత వాచ్ 7 తక్కువకు దొరుకుతోంది, తేడా పెట్టదగిందేనా? ముప్ఫై మూడు వేలు పెట్టిన వస్తువు ఎన్నాళ్ళు పనిచేస్తుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కఫ్_కొలత:

ముందు బీపీ సంగతి తేల్చుకోండి, ధర సంగతి దాని వెనకే తేలుతుంది.

ఈ వాచీలో గాలి నిండే పట్టీ లేదు. వెనక అద్దం కింద నుంచి లైట్లు చర్మంలోకి వెలుగు పంపుతాయి. రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి గుండె కొట్టుకున్న ప్రతిసారీ తిరిగొచ్చే వెలుగులో చిన్న హెచ్చుతగ్గు వస్తుంది. ఆ అల ఆకారాన్ని బట్టి వాచీ బీపీని అంచనా కడుతుంది. అయితే ఏ అలకు ఏ అంకో దానంతట దానికి తెలియదు. మామూలు బీపీ మిషన్‌తో చూసి మీరే చెప్పాలి. క్యాలిబ్రేషన్ అంటే అదే. ఇది 28 రోజులే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్ళీ చేయాలి. అంటే వాచీ కొన్నా బీపీ మిషన్ కొనాల్సిందే. చేయి పైభాగానికి కట్టే మంచి మిషన్ రెండు వేల చుట్టుపక్కల వస్తుంది.

చేసే పద్ధతి ఇది. ఫోన్లో శాంసంగ్ హెల్త్ మానిటర్ యాప్ తెరవండి. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు కుర్చీకి ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. ఎడమ చేతికి వాచీ, కుడి చేతికి మిషన్ పట్టీ. రెండూ ఒకే చేతికి వద్దు. పట్టీ బిగుసుకున్నప్పుడు కిందికి రక్తం ఆగుతుంది, అదే సమయంలో వాచీ అలను చదవాలి కదా. మిషన్ చూపిన పై అంకె, కింది అంకె యాప్‌లో ఎక్కించాలి. ఇలా మూడుసార్లు.

జనం తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే. చొక్కా చేయి మీదే పట్టీ చుట్టేస్తారు. లావు చేతికి చిన్న పట్టీ వాడితే అంకె ఎక్కువ వస్తుంది. కాలు మీద కాలు వేసుకున్నా, చేయి దేనికీ ఆనించకుండా ఉంచినా ఎక్కువే వస్తుంది. ఆ తప్పు అంకెనే వాచీకి నేర్పితే తర్వాత 28 రోజులూ అదే తప్పును ఆధారం చేసుకుని చెబుతుంది. మూడు కొలతల్లో పై అంకె 10కి మించి తేడా పడితే ఆ పూట ఆపేసి, మర్నాడు చేయడం మేలు. డాక్టరు మాత్ర మార్చినా, డోసు మార్చినా 28 రోజులు నిండేదాకా ఆగకుండా మళ్ళీ క్యాలిబ్రేట్ చేసుకోండి.

ఇంకో మాట. నాడి లెక్కలాగా బీపీని వాచీ రోజంతా దానంతట అది చూస్తూ ఉండదు. మీరు కూర్చుని, యాప్ తెరిచి, కదలకుండా ఉంటేనే కొలుస్తుంది. మీరడిగిన 'ఒక కన్ను' ఆ మేరకే. వారంలో నాలుగైదు సార్లు ఒకే వేళకు చూసుకుంటే పోకడ తెలుస్తుంది, అందుకు పనికొస్తుంది. మాత్ర పెంచాలా తగ్గించాలా అన్నది మాత్రం మిషన్ అంకె చూపించే అడగాలి.

మీకు కలిసొచ్చింది ఫోన్. బీపీ, ఈసీజీ రెండూ హెల్త్ మానిటర్ యాప్‌లోనే ఉంటాయి, ఆ యాప్ గెలాక్సీ ఫోన్లలోనే నడుస్తుంది. వేరే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్‌కు వాచీ జత అవుతుంది కానీ ఈ రెండూ రావు. ఐఫోన్‌కు అసలు జతే అవదు. రెండేళ్ళలో ఫోన్ కంపెనీ మార్చే ఆలోచన ఉంటే ఈ ధర మీకు దండగ.

ఈసీజీ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాల్సిన విషయమే. చేయి బల్ల మీద ఆనించి, రెండో చేతి వేలు పై బటన్‌కు తాకించి 30 సెకన్లు ఉంచాలి. అది చూసేది గుండె లయ ఒక్కటే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పును పట్టగలదు. గుండెపోటును పట్టలేదు. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు ఉన్నప్పుడు వాచీలో 'సైనస్ రిథమ్' (లయ మామూలుగానే ఉందని) అని వచ్చిందని ఆగిపోకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

పాత_మోడల్_కొత్త_బిల్లు:

వాచ్ 7తో పోలిక నేను చెబుతాను.

లోపల ఉన్నది ఒకటే. రెండింటిలోనూ ఎక్సినోస్ డబ్ల్యూ1000 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ, రెండు బ్యాండ్ల జీపీఎస్, ముందు సఫైర్ అద్దం. బీపీ, ఈసీజీ పద్ధతి కూడా అదే, 28 రోజుల నియమమూ అదే. 40 ఎంఎంలో బ్యాటరీ 300 నుంచి 325 ఎంఏహెచ్ అయింది. ఇది రోజులో ఒకటి రెండు గంటల తేడా, అంతకు మించి ఆశించకండి.

8లో నిజంగా మారినవి రెండు. ఒకటి స్క్రీన్ వెలుగు, 2000 నిట్స్ నుంచి 3000కి పెరిగింది. ఏప్రిల్, మే ఎండలో నడిచేవాళ్ళకు తేడా తెలుస్తుంది, చేయి నీడకు తిప్పకుండానే అంకె కనబడుతుంది. రెండోది మందం, 9.7 నుంచి 8.6 ఎంఎంకి తగ్గింది. రాత్రి పెట్టుకుని పడుకునేవాళ్ళకు ఇది మంచిదే.

యాంటీఆక్సిడెంట్ ఇండెక్స్ అని కొత్తగా ఒకటి పెట్టారు. సెన్సర్ మీద బొటనవేలు ఐదు సెకన్లు నొక్కితే చర్మంలో కెరోటినాయిడ్ల (కూరగాయలు, పళ్ళ నుంచి వచ్చే రంగు పదార్థాల) మోతాదు చెబుతుంది. కూరగాయలు, పళ్ళు తింటున్నారో లేదో మీకు ముందే తెలుసు. దానికోసం డబ్బు పెట్టకండి.

8తో ఒక చిక్కు పట్టీ. 7కు మామూలు 20 ఎంఎం పట్టీ ఏదైనా పడుతుంది, బజారులో రెండు మూడు వందలకు కూడా దొరుకుతుంది. 8 కొక్కెం వేరు, దానికని చేసిన పట్టీయే కావాలి. చెమట పట్టేవాళ్ళు ఏడాదికో పట్టీ మారుస్తారు కాబట్టి ఇది లెక్కలోకి తీసుకోండి.

నా మాట అడిగితే, 7 ధర 8 కంటే పది వేలు తగ్గితే 7 తీసుకోండి. నాలుగైదు వేల తేడాకైతే 8 మేలు. శాంసంగ్ వాచీలకు నాలుగేళ్ళ పాటు ఓఎస్ అప్‌డేట్లు ఇస్తుంది. 7 వచ్చింది 2024 జులైలో, అంటే దాని గడువు 8 కంటే ఏడాది ముందే అయిపోతుంది.

నడక_సమయం:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. బీపీ మిషన్ ఎలాగూ కొనాలన్న సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. దూరం, నిద్ర గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. ఐదు వేల వాచీలో కూడా జీపీఎస్ ఉందంటున్నారు, అదీ ఇదీ ఒకటేనా?

ట్రాక్_లేన్1:

ఒకటి కాదు. ముందు 'జీపీఎస్ ఉంది' అన్న మాటను విడదీసి చూడాలి.

రెండు మూడు వేల వాచీల్లో చాలావాటికి సొంత జీపీఎస్ చిప్ ఉండదు, ఫోన్ జీపీఎస్‌ను వాడుకుంటాయి. ఫోన్ ఇంట్లో వదిలి వెళితే అడుగులు లెక్కపెట్టి, అడుగు పొడవుతో గుణించి దూరం చెబుతాయి. డబ్బా మీద 'కనెక్టెడ్ జీపీఎస్' అని ఉంటే అదే. ఆ పైన సొంత చిప్ ఉన్నవి. ఉదాహరణకు సీఎంఎఫ్ వాచ్ ప్రో 2, ₹4,999కి వచ్చింది, జీపీఎస్ అందులోనే ఉంది. ఆ పైన ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టేవి. రెండు బ్యాండ్ల జీపీఎస్ అంటే ఇదే, గెలాక్సీ 7, 8 ఈ రకం.

రెండో ఫ్రీక్వెన్సీ ఎందుకంటే, ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సిగ్నల్ గోడలకు, అద్దాలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. వాచీ ఆ ఆలస్యాన్ని దూరం అనుకుని మిమ్మల్ని పక్క వీధిలో చూపిస్తుంది. నేరుగా వచ్చిన సిగ్నల్‌నూ, తగిలి వచ్చినదాన్నీ విడదీయడం ఎల్5లో తేలిక. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు నడిచేవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది. ఊరి బయట రోడ్డు మీదో, కాలువ గట్టు మీదో, ఆకాశం తెరిచి ఉన్న మైదానంలోనో నడిస్తే ఐదు వేల వాచీ కూడా దాదాపు అదే దూరం చెబుతుంది.

కొన్న వారంలోనే పరీక్ష చేయండి, వాపసు గడువు దాటకముందే. 400 మీటర్ల ట్రాక్ మీద లోపలి లేన్‌లో ఐదు చుట్లు, అంటే సరిగ్గా 2 కిలోమీటర్లు. లేన్ మారకూడదు, బయటికి ఒక్కో లేన్‌కు చుట్టుకు ఏడు మీటర్లకు పైగా పెరుగుతుంది. మొదలెట్టే ముందు ఆరుబయట నిలబడి, జీపీఎస్ దొరికిందని చూపించాకే స్టార్ట్ నొక్కండి. ఇది చేయక మొదటి వంద రెండు వందల మీటర్లు పోగొట్టుకుని వాచీని తిడతారు. 1.96 నుంచి 2.04 మధ్య వస్తే మంచి వాచీ. 2.15 అలా వస్తే మ్యాప్‌లో గీత చూడండి, మలుపుల దగ్గర ట్రాక్ దాటి బయటికి పోయి ఉంటుంది.

నాడి లెక్కకు పట్టీ బిగువే ప్రాణం. మణికట్టు ఎముక మీద కాదు, దానికి రెండు వేళ్ళు పైన కట్టాలి. చేయి ఊపినా జారకూడదు, తీశాక లోతైన గుర్తు పడకూడదు. వదులుగా ఉంటే వాచీ అడుగుల దరువునే గుండె దరువు అనుకుంటుంది. పరుగులో నిమిషానికి 170 అడుగులు వేస్తూ, తేలిగ్గా మాట్లాడగలుగుతున్నా నాడి 170 దగ్గరే నిలబడి ఉంటే అదే జరుగుతోందని అర్థం. ఆపి, పైకి జరిపి, ఒక రంధ్రం బిగించండి. ఖర్చయిన కేలరీల అంకెను చూసి తిండి పెంచకండి. 2017లో స్టాన్‌ఫోర్డ్‌లో ఏడు వాచీలు, బ్యాండ్ల మీద పరిశోధన చేస్తే నాడి లెక్కలో ఆరు బాగానే వచ్చాయి, కేలరీల్లో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

నిద్రకు పడుకున్న వేళ, లేచిన వేళ, మొత్తం గంటలు నమ్మొచ్చు. గాఢ నిద్ర 52 నిమిషాలా 70 నిమిషాలా అన్నది కదలికల నుంచి, నాడి నుంచి కట్టిన అంచనా. మంచం మీద కదలకుండా ఫోన్ చూస్తూ పడుకున్నా నిద్ర కిందే రాసుకుంటుంది.

సర్వీస్_బల్ల:

ఎన్నాళ్ళు పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు బ్యాటరీ, నీళ్ళు. రిపేరుకు మా బల్ల మీదికి వచ్చే వాచీల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి వల్లే వస్తాయి.

బ్యాటరీ ముందు. గెలాక్సీ 40 ఎంఎం మోడల్ ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే (స్క్రీన్ ఎప్పుడూ వెలిగి ఉండటం) ఉంచితే రోజు, ఆపితే రోజున్నర. అంటే ఏడాదికి 240 నుంచి 365 ఛార్జింగ్‌లు. పది రోజులు వచ్చే వాచీకి ఏడాదికి 40 కూడా కావు. బ్యాటరీ అరిగేది ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిందన్న దాన్ని బట్టి కాబట్టి మూడో ఏడాదికి సాయంత్రమే ఛార్జర్ వెతుక్కోవాల్సి రావచ్చు. వేడి ఇంకా చేటు. ఛార్జర్ దిండు మీద, పరుపు మీద, టీవీ వెనక పెట్టకండి, గట్టి బల్ల మీద పెట్టండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద వాచీ వదలొద్దు. రోజూ స్నానం, టిఫిన్ వేళ ముప్పావుగంట ఛార్జింగ్ పెడితే పడుకునేవరకు ఇబ్బంది ఉండదు. మరీ త్వరగా దిగిపోతుంటే శాంసంగ్ హెల్త్‌లో నాడి కొలతను 'నిరంతరం' నుంచి 'కదలనప్పుడు పది నిమిషాలకోసారి'కి మార్చండి, నెట్‌లోంచి దించుకున్న యానిమేషన్ వాచ్ ఫేస్ తీసేయండి. ఎక్కువ సందర్భాల్లో దొంగ ఆ వాచ్ ఫేసే.

స్నానం వేళ అన్నది ఊరికే చెప్పలేదు. వాచీ తట్టుకునే నీటి ఒత్తిడి 5 ఏటీఎం అని రాసి ఉంటుంది, దాన్ని 50 మీటర్ల లోతు అని చదువుకుంటారు. అది కదలని చల్లటి మంచినీటి ఒత్తిడి లెక్క. వేడినీళ్ళకు లోపలి రబ్బరు వాషర్, గమ్ము మెత్తబడతాయి, సబ్బు నురగ సందుల్లోకి పోతుంది. ఏడాది తర్వాత ఒకరోజు స్క్రీన్ కింద ఆవిరి పట్టి కనిపిస్తుంది. నీళ్ళ నష్టానికి సాధారణంగా వారంటీ వర్తించదు. ఈత కొట్టొచ్చు, వానలో తడవొచ్చు, గీజర్ నీళ్ళు వద్దు. బీచ్‌లో తడిస్తే ఇంటికొచ్చాక మంచినీళ్ళ కింద అరనిమిషం పట్టి, మెత్తటి గుడ్డతో తుడవండి. ఉప్పు ఎండితే బటన్ల సందుల్లో గట్టిపడుతుంది. ఆ బటన్లు ఈసీజీకి కూడా కావాలి.

చేతికి దద్దుర్లు వచ్చి పట్టీ పడలేదంటారు. చాలావరకు అది పట్టీ కింద మిగిలిన సబ్బు, చెమట. వారానికి రెండుసార్లు పట్టీ విప్పి కడిగి, ఆరాక పెట్టుకోండి.

డబ్బు లెక్క వేయాలంటే మూడేళ్ళకు వేయండి. ₹32,999ని 1,095 రోజులకు పంచితే రోజుకు ముప్ఫై రూపాయలు. రెండేళ్ళు నడిచే ఐదు వేల వాచీకి రోజుకు ఏడు రూపాయలు. ఆ ఇరవై మూడు రూపాయలకు మీకు అదనంగా వచ్చేవి బీపీ పోకడ, ఈసీజీ, రెండు బ్యాండ్ల జీపీఎస్. మూడూ వాడేవాళ్ళకు దండగ కాదు. కాల్ ఎవరిదో చూసుకోవడానికే అయితే దండగ.

నడక_సమయం:

చాలా స్పష్టంగా చెప్పారు. ఇంకొక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఊళ్ళో అమ్మకు 68. ₹2,200కి ఒక వాచీలో బీపీ, ఆక్సిజన్, షుగర్ మూడూ సూది లేకుండా వస్తాయని ప్రకటన చూసి పంపమంటోంది. పంపనా?

కఫ్_కొలత:

పంపకండి. ఈ విషయంలో రెండో ఆలోచనే వద్దు.

చర్మానికి సూది తగలకుండా వాచీ తనంతట తాను షుగర్ చెప్పగలదన్న మాట నమ్మొద్దు. అలా చెప్పే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. చేతికి అంటించుకునే సెన్సర్ ఉండి, దాని అంకెను వాచీ చూపిస్తే అది వేరు, ఆ సెన్సర్‌కు చర్మం కిందికి వెళ్ళే సన్నటి తీగ ఉంటుంది. తప్పుడు అంకె చూసి మాత్ర మానేసినా, ఇన్సులిన్ ఎక్కువ వేసుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. అమ్మగారి వయసులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

బీపీ సంగతి మీరే తేల్చుకోవచ్చు. క్యాలిబ్రేషన్ అడగని వాచీ ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకోండి. కూర్చుని ఒకసారి కొలవండి. మూడు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కి వెంటనే వాచీతో, బీపీ మిషన్‌తో కొలవండి. మిషన్‌లో పై అంకె బాగా పెరిగి ఉంటుంది. వాచీలో మళ్ళీ 118/76, 121/78 లాంటివే వస్తే అది మీ రక్తాన్ని చూడటం లేదు, మామూలు మనిషికి ఉండే అంకెను వేస్తోంది. దాన్నే చుట్టిన తువ్వాలుకు కట్టి చూడండి, అప్పుడూ బీపీ చెబితే ఇక అనుమానం అక్కర్లేదు. నాడి లెక్కకు మాత్రం ఈ తువ్వాలు పరీక్ష సరిపోదు, మంచి వాచీలు కూడా వస్తువు మీద వెలుగు తిరిగొస్తే ఏదో ఒక అంకె చూపిస్తాయి.

అమ్మగారికి అదే ₹2,200తో చేయి పైభాగానికి కట్టే బీపీ మిషన్ కొనిపెట్టండి. చేయి చుట్టుకొలత టేపుతో కొలిచి, పట్టీ మీద రాసిన సెంటీమీటర్లలోకి వస్తుందో లేదో చూసి తీసుకోండి. షుగర్ ఉంటే స్ట్రిప్పులతో చూసే గ్లూకోమీటర్. స్ట్రిప్పుల డబ్బా మూత వదిలేస్తే తేమ పట్టి రీడింగ్ తప్పుతుంది, ఆ మాట ఆమెకు చెప్పండి.

పాత_మోడల్_కొత్త_బిల్లు:

మీరు వాచీ కొనేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు చెబుతాను. బిల్లు మీద జీఎస్టీ నంబరు, వాచీ సీరియల్ నంబరు రెండూ ఉండాలి. సీరియల్ డబ్బా మీదా, వాచీ సెట్టింగ్స్‌లో 'అబౌట్ వాచ్'లోనూ ఒకటే ఉందో లేదో అక్కడే చూడండి. మరీ తక్కువకు ఇస్తున్నారంటే బయటి దేశం సరుకు కావచ్చు, ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో వారంటీకి ఇబ్బంది పడతారు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే నిజంగా ఖర్చు లేనిది కాదు. వడ్డీని ముందే తగ్గింపుగా చూపిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ కార్డు బిల్లులో పడుతుంది. వడ్డీ ₹2,400 అయితే ₹432, పైగా ప్రాసెసింగ్ ఫీజు. ఒకేసారి కడితే వచ్చే బ్యాంక్ తగ్గింపు ఎంతో కూడా పక్కన పెట్టి చూడండి.

నడక_సమయం:

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం రెండు బీపీ మిషన్లు కొంటున్నాను, అమ్మకొకటి, నాకొకటి. వాచ్ 7, 8 మధ్య తేడా పది వేలకు చేరితే 7, లేకపోతే 8. ఎల్టీఈ మోడల్ (ఫోన్ దగ్గర లేకున్నా సొంతంగా నెట్‌వర్క్ పట్టేది) వద్దనుకున్నాను, ఫోన్ ఎలాగూ జేబులోనే ఉంటుంది.

కఫ్_కొలత:

మంచి పని. వాచీ వచ్చేలోపు ఓ పది రోజులు మిషన్‌తో పొద్దున మాత్ర వేసుకోకముందు, రాత్రి పడుకోబోయే ముందు రెండేసి సార్లు చూసి కాగితం మీద రాసి ఉంచండి. అప్పుడు క్యాలిబ్రేషన్ రోజు వచ్చిన అంకె మీ మామూలు అంకేనా, ఆ పూట ఆందోళనతో పెరిగిందా అన్నది చూడగానే తెలుస్తుంది. ఫోన్లో 27వ రోజుకు అలారం పెట్టుకోండి.